మా ఇంటి అనుమానాలూ, తొమ్మిది రోజుల బొలీవియా

ఆ రోజుల్లో నేను అనుమానించి బతికేవాణ్ని. మాట వరసకు అనడం లేదు, నా ఉద్యోగమే అది. హుజూరాబాద్ దగ్గర ఒక విత్తనాల గోదాములో, వచ్చిన ప్రతి బస్తాలోంచీ గుప్పెడు వడ్లు తీసి, వంద గింజలు ఏరి, తడిబట్టలో చుట్టిపెట్టి, కొన్ని రోజులయ్యాక విప్పి, ఎన్ని మొలకెత్తాయో ఎన్ని మోసం చేశాయో కాగితం మీద రాయాలి. బస్తా ఎంత బరువుగా ఉన్నా, గింజ ఎంత నిగనిగలాడినా నమ్మకూడదు. రెండేళ్లు ఆ పని చేసేసరికి ఆ బుద్ధి ఒంటికి పట్టేసింది. హోటల్లో ఇడ్లీ పెడితే తిరగేసి చూసేవాణ్ని. బస్సు మీద ఊరి పేరు చదివి కూడా, ఎక్కే ముందు కండక్టర్‌ను ఒకసారి, ఎక్కాక పక్కవాణ్ని ఒకసారి అడిగేవాణ్ని. అలాంటి వాడికి ఇరవై ఏడో ఏట పెళ్లి చేశారు. అమ్మాయి తరఫువాళ్లు నా గురించి సరిగా విచారించినట్టు లేదు.

కరీంనగర్‌లో మూడు గదుల అద్దె ఇల్లు మాది. నేను, నా భార్య, మా అవ్వ (మా వైపు అమ్మను అలాగే అంటాం). నా భార్య ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పేది, అందుకని వాడకట్టంతా ఆమెను డ్రాయింగ్ మేడమ్ అనేవారు. కొత్తలో భార్యను పేరుపెట్టి పిలవడానికి సిగ్గుపడి, మనసులో నేను కూడా అలాగే అనుకునేవాణ్ని. తక్కువగా మాట్లాడేది, చక్కగా నవ్వేది. పెళ్లయిన మూడు నెలల వరకు ఆమె మీద రాయడానికి నా దగ్గర ఒక్క ఫిర్యాదూ లేదు. అదే నాకు కొంచెం తేడాగా అనిపించేది.

మొదట పసిగట్టింది అవ్వే. ఒకరోజు నేను గోదాముకు బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"కొడుకా, నీ పెండ్లాం పొద్దుగాల వంటింట్ల నిలవడి ఏదో కొలుస్తాందిరా. సోలా అంటది, బానా అంటది. సోలెడు ఏంది, బానెడు ఏంది? మన బియ్యం వాళ్ల తల్లిగారింటికి గిట్ల పోతున్నయేమో జర సూడు."

"అవ్వా, గంత మంచి పిల్లను పట్టుకొని..."

"మంచిదే. మంచిది గాదని నేనన్ననా? కొలుస్తాందని అన్న."

ఆ సాయంత్రమే అవ్వ బియ్యం డబ్బా లోపల చాక్‌పీసుతో ఒక గీత గీసింది. మర్నాడు నేను వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. నిజమే. పోపు చిటపటల మధ్య ఆమె గొణుగుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ సోలా మాత్రం స్పష్టంగా వినిపించింది. నేను దగ్గగానే ఆపేసి "చాయ్ పెట్టనా?" అంది. డబ్బాలో బియ్యం మాత్రం గీత దగ్గరే ఉన్నాయి. మేం తిన్నంతే తగ్గుతున్నాయి. దాంతో అవ్వ అనుమానం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. (దొంగతనం దొరక్కపోతే దొంగ తెలివైనదని మా అవ్వ నమ్మకం.)

తర్వాత ఒక్కొక్కటే బయటపడసాగాయి. మార్చి నెలలో, కరీంనగర్‌లో కాకులు కూడా నీడ వెతుక్కునే ఎండలో, మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. విప్పితే మందపాటి ఉన్ని మేజోళ్లు, రెండు జతలు. "బడిల నాటకం ఉంది" అంది. వేసవి సెలవులకు ముందు ఏ బడిలో నాటకం వేస్తారు? తెల్ల గోడ ముందు నిలబడి ఫొటో తీయమంది. ఎందుకని అడిగితే "ఊకెనే", అంటే ఊరికే, అంది. స్నేహితురాలి పెళ్లని ఒక శనివారం హైదరాబాద్ వెళ్లింది. పెళ్లినుంచి వచ్చినవాళ్లు పెళ్లికూతురి నగల గురించి చెబుతారు, ఈమె జ్వరంతో, ఎడమ జబ్బ పట్టుకుని వచ్చింది. ఆ రాత్రి మాత్ర కోసమని ఆమె సంచి తెరిస్తే లోపల ఒక చిన్న కార్డు, దాని మీద డాక్టరు ముద్ర. నేను చదివేలోపే లాక్కుని "బడి కార్డు" అంది. అబద్ధం చెప్పడం ఆమెకు బొత్తిగా చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

మా గోదాములో నాకంటే పదేళ్లు పెద్దవాడైన ఒక తూకం గుమాస్తా ఉండేవాడు. లారీ డ్రైవర్ తుమ్మినా దాని వెనక కారణం వెతికేవాడు కాబట్టి అందరం ఆయన్ని సీఐడీ అన్న అనేవాళ్లం. నా అనుమానం చిన్నది, చిరుగు లాంటిది. ఆయన దగ్గరికి తీసుకెళ్లడమే నేను చేసిన తప్పు.

"కార్డు రంగేంది తమ్మీ?"

"పచ్చగున్నదన్నా."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "పచ్చ కార్డా! గదే గ్రీన్ కార్డు. అమెరికాల పర్మినెంటుగ ఉండనిచ్చేది. సూది ఇచ్చినంకనే ఇస్తరు. నీ పెండ్లాం నిన్ను ఇడిసిపెట్టి పోతాంది తమ్మీ, నువ్వేమో ఈడ వడ్లు నానవెడుతున్నవ్."

(పసుపునూ పచ్చ అంటాం, ఆకునూ పచ్చ అంటాం. మన భాషలోని ఈ ఒక్క సౌకర్యం వల్ల నేను మూడు రోజులు సరిగా అన్నం తినలేదు.)

నాలుగో రోజు, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, ఆమె బడికి వెళ్లాక బట్టల బీరువాలో చీరల కింద దాచిన నోటుపుస్తకం తీసి చూశాను. మొదటి పేజీ తిప్పగానే ఒక దేశం పటం, రంగు పెన్సిళ్లతో. పైన గుండ్రటి అక్షరాల్లో బొలీవియా. లోపల తొమ్మిది రోజుల ప్రయాణం రోజుకో పేజీ చొప్పున రాసి ఉంది. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు విమానాల్లోనే. మిగిలిన ఐదు రోజులకు మంచు కొండలు, ఉప్పుతో నిండిన తెల్లటి ఎడారి, ఊరి ఇళ్ల మీదుగా తీగలకు వేలాడుతూ పోయే గదుల్లాంటి బండ్లు, రంగు రంగుల చారల గుడ్డలు అమ్మే టోపీ ఆడవాళ్లు. మార్జిన్లో చిన్న చిన్న బొమ్మలు. పచ్చ కార్డు సంగతి కూడా అక్కడే తెలిసింది. ఆ దేశం వెళ్లొచ్చేవాళ్లు వేయించుకోవలసిన జ్వరం టీకాకు ఇచ్చే పసుపు కార్డు అట.

నేల మీదే కూర్చుండిపోయాను. గుండె మీంచి బస్తా దించినట్టయింది. మాకు పెళ్లయ్యాక కొత్త జంటలు వెళ్లే యాత్ర ఏదీ లేదు. గోదాములో సీజన్, సెలవు దొరకలేదు. పాపం ఆ లోటు తీర్చడానికి, నాకు చెప్పకుండా, ఇంత దూరం ప్లాన్ వేసింది! నా అంత అదృష్టవంతుడు కరీంనగర్ జిల్లాలో లేడనుకున్నాను. పుస్తకాన్ని చీరల కింద, అదే మడతలో పెట్టేశాను. ఆమె సంతోషం పాడుచేయకూడదు. చెప్పే రోజుకు నేను సిద్ధంగా ఉండాలి, అంతే.

సిద్ధం కావడం ఆ రోజు నుంచే మొదలైంది. అక్కడి కొండల మీద గాలి పలచగా ఉంటుందని, ఊపిరి అందదని చదివాను. మా వైపు ఎత్తయినది ఎలగందుల ఖిల్లా. వారానికి మూడు రోజులు తెల్లవారగానే బండి మీద వెళ్లి ఆ మెట్లు ఎక్కేవాణ్ని, ఊపిరి బిగపట్టి. పదిహేనో మెట్టు దగ్గర కళ్లు బైర్లు కమ్మి కూర్చుంటే, మేకలు కాసుకునే పెద్దమనిషి ఒకాయన నీళ్లిచ్చి "ఏం కష్టమొచ్చింది బిడ్డా?" అన్నాడు. ఆ దేశంలో ఆలుగడ్డే ముఖ్యమైన తిండి అని తెలిసి, రోజూ ఆలుగడ్డ కూరే కావాలని అవ్వను సతాయించాను. ఒక స్వెటర్ కొన్నాను. దాచే చోటు లేక బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఇక పాస్‌పోర్టు. దరఖాస్తు పెట్టిన కొన్నాళ్లకు విచారణకు కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. ఇంటికి వద్దని, గోదాము పక్కన చాయ్ హోటల్‌కు రమ్మన్నాను.

"ఏ దేశం పోతున్నవ్?" అన్నాడు ఆయన, చాయ్ ఊదుకుంటూ.

"బొలీవియా సార్."

"గది సౌదీ దిక్కా, మస్కట్ దిక్కా?"

"గటు కాదు సార్. దక్షిణ అమెరికాల."

"ఏం పనని చెప్పిండు ఏజెంటు?"

"పనికి కాదు సార్. సూసొస్తం. తొమ్మిది రోజులు."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "తొమ్మిది రోజుల కోసం గంత దూరం పోయేటోన్ని నా సర్వీసుల సూడలే. నడు, మీ ఇంటికాడ మాట్లాడుదాం."

"ఇంటికి వద్దు సార్. మా ఇంటామెకు తెల్వద్దు."

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. గొంతు తగ్గించి, దయగా అన్నాడు. "తమ్మీ, ఏజెంటు పేరు చెప్పు, నీకేం కాకుంట నేను సూసుకుంట. మా ఊరోడు ఒకడు ఆఫీసు నౌకరి అంటె నమ్మి పోయిండు. రెండేండ్లు ఒంటెలు కాసి వచ్చిండు."

"గాడ ఒంటెలుండయి సార్. ఒంటె లెక్కనే ఉండే లామాలని ఉంటయి."

"సూసినవా!" అన్నాడు ఆయన, కేసు తేలిపోయినట్టు.

ఆయన్ని ఒప్పించడానికి ఇంకో రెండు చాయ్‌లు, సీఐడీ అన్న సాక్ష్యం పట్టాయి. (ఆ సాక్ష్యం ఇలా ఉంది: "మనిషి మంచోడే సార్, ఇంట్ల పరిస్థితే మంచిగ లేదు.") చివరికి సంతకం పెట్టి వెళ్తూ వెళ్తూ "ఏదన్న అయితే ఫోన్ చెయ్" అని నంబర్ కూడా ఇచ్చాడు.

ఈ హడావిడిలో నేను ఒక సంగతి గమనించలేదు. ఇంట్లో ఇప్పుడు అనుమానం నా వైపు తిరిగింది. తెల్లవారకముందే బయటికి పోతున్నాను. చెమటతో, ఎర్రటి మొహంతో, ఏదో ఆనందంతో తిరిగొస్తున్నాను. అడిగితే "ఊకెనే" అంటున్నాను. ఫోన్ మోగితే వాకిట్లోకి వెళ్లి మాట్లాడుతున్నాను. అద్దం ముందు నిలబడి బుగ్గలు బిగించి ఊపిరి ఆపుకుంటున్నాను. అత్తా కోడళ్లు నేను రాగానే మాటలు ఆపేయడం చూశాను కానీ, ప్రయాణం సంగతి అవ్వకు కూడా తెలిసిపోయిందని, ఇద్దరూ కలిసి నన్ను సంతోషపెట్టబోతున్నారని అనుకుని లోలోపల మురిసిపోయాను.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ఆమె ఏమీ చెప్పడం లేదు. ఒక ఉదయం ఉండబట్టలేక మళ్లీ వంటింటి తలుపు వెనక నిలబడ్డాను, ఈసారి ఫోన్‌తో. అది ఆ దేశపు భాషేనని నాకిప్పుడు తెలుసు. ఆమె పప్పు కలుపుతూ, ఎవరో ఎదురుగా ఉన్నట్టు, కొంచెం కఠినంగా సాధన చేస్తోంది: "నో, గ్రాసియాస్. సోయ్ కసాదా. వియాహో సోలా." విన్నది విన్నట్టు ఫోన్‌లో కొట్టి అర్థం చూశాను. వద్దు, ధన్యవాదాలు. నాకు పెళ్లయింది. ఇక్కడిదాకా ఛాతీ పొంగింది. తర్వాతి రెండు మాటలకు అర్థం వచ్చింది.

నేను ఒంటరిగా ప్రయాణిస్తున్నాను.

ఫోన్ తప్పు చెప్పిందేమోనని మూడుసార్లు చూశాను. సోలా అంటే ఒంటరి ఆడమనిషి. ఆ మాటను మా ఇంట్లో రెండు నెలలుగా వింటున్నాం, దానికి బియ్యం కొలిచాం (అవ్వకు బానాలా వినిపించింది బాన్యో, అంటే స్నానాలగది). ఆ రోజు గోదాములో గింజలు లెక్కపెడుతూ నూట పద్నాలుగు దాకా పోయాను. సీఐడీ అన్న నా మొహం చూసి "నేను ముందే చెప్పిన" అన్నాడు. ఆయన చెప్పింది ఇది కాదని వాదించే ఓపిక కూడా లేకపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నడి గదిలో చాప మీద నా స్వెటర్. ఒక పక్క అవ్వ, ఇంకో పక్క నా భార్య. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా భార్య కళ్లు వాచి ఉన్నాయి.

"ఎవలామె?" అంది నా భార్య. నాతో ఆమె గొంతు పెంచి మాట్లాడటం అదే మొదటిసారి.

"ఎవలు?"

"ఈ స్వెటర్ ఎవలు కొనిచ్చిండ్రు? పొద్దుగాల ఎవలకాడికి పోతున్నరు? అత్తమ్మ నేను నెల రోజుల సంది సూస్తున్నం."

"కొడుకా, ఉన్నదున్నట్టు చెప్పు. ఎండకాలంల స్వెటర్ ఇచ్చిందంటె గా మనిషికి మతి గూడ లేనట్టుంది" అంది అవ్వ.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోటికి వచ్చింది ఒక్కటే. "ముందు నువ్వు చెప్పు. సోలా అంటె ఏంది?"

ఆమె మొహం పాలిపోయింది. గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుంది. తర్వాత ఆమే చెప్పింది. వాళ్ల బాపు సిరిసిల్లలో మరమగ్గం కార్మికుడు (మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు). ముప్పై ఏళ్లు రోజుకు పన్నెండు గంటలు ఆ మోతలో నిలబడి తెల్ల గుడ్డే నేశాడు. రంగు నూలు ఆయన సాంచా మీదికి ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడు ఈమె బొమ్మల పోటీలో గెలిస్తే బహుమతిగా ఇచ్చిన పుస్తకంలో బొలీవియా ఆడవాళ్లు నేసిన చారల గుడ్డ బొమ్మ ఉందట. బాపు ఆ పేజీ మీద వేళ్లతో తడుముతూ "బిడ్డా, ఒక్క గుడ్డల ఇన్ని రంగులా!" అన్నాడట. అప్పుడే అనుకుంది, ఎప్పటికైనా తన సంపాదనతో పోయి ఆ గుడ్డ తేవాలని. పెళ్లి ఖాయం కాకముందే టికెట్ తీసుకుంది.

"మరి నాకెందుకు చెప్పలే? నేను వద్దంటననా?"

"వద్దంటరని కాదు." తల ఎత్తకుండా అంది. "సరే అంటరని. సరే అని నా ఎంబడి వస్తరని. పెండ్లి చూపులల్ల మీరే చెప్పిండ్రు గదా, మంథని దాక బస్సుల పోతెనే కక్కుకుంటనని. మీరొస్తె తొమ్మిది రోజులు మిమ్ముల సూసుకునుడే అయితది. పుట్టినప్పటి సంది ఎవలో ఒకలు ఎంబడున్నరు. ఒక్కసారి ఎవలు లేకుంట పోవాలనుకున్న. గంతే."

నేను నా కథ చెప్పాల్సి వచ్చింది. ఖిల్లా, ఆలుగడ్డలు, కానిస్టేబుల్, అన్నీ. వింటున్నకొద్దీ ఆమె మోకాళ్లలో తల దాచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతున్న తీరు చూస్తే నవ్వుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రయాణం నాకోసం కాదని తెలిసిన నొప్పి అలాగే ఉంది. అవ్వ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. తీర్పు చెబుతుందనుకున్నాను. పెళ్లయి ఆరు నెలలు కాలేదు, ఆడపిల్ల ఒక్కతే అంత దూరమా అంటుందనుకున్నాను. నా చిన్నప్పుడు మగ్గాలకు నూలు కండెలు చుట్టి నన్ను పెంచిన మనిషి, వేరే సంగతి అడిగింది.

"గా ఆడోళ్లు మగ్గం నిలవడి నేస్తరా బిడ్డా, కూసోని నేస్తరా?"

"కూసోనే అత్తమ్మా. నేల మీద. ఒక కొస నడుముకు కట్టుకుంటరు."

"నడుముకా! పాపం, మస్తు నొస్తది." అవ్వ కాసేపు ఆలోచించింది. "పోయిరా. ఎట్ల నేస్తరో మంచిగ సూసి రా. నాక్కూడ చెప్పు."

నేను రెండు రోజులు మాట్లాడకుండా తిరిగాను. గొప్పగా చెప్పుకోవడానికేం లేదు, అలిగాను. మూడో రోజు ఆమె సూట్‌కేసు జిప్పు పట్టక తంటాలు పడుతుంటే దాని మీద కూర్చున్నాను. అలా రాజీ కుదిరింది. అవ్వకు ఇప్పుడు అనుమానమంతా బొలీవియా మీదికి మళ్లింది. తీగ తెగితే ఆ బండ్లు ఎక్కడ పడతాయి, ఉప్పు ఎడారిలో కాళ్లు మండవా, ఆ ఆడవాళ్ల టోపీల కింద ఏముంటుంది అని రోజుకో ప్రశ్న. హైదరాబాద్ దాకా దిగబెట్టడానికి నేను బస్సులో వెళ్లాను. సిద్దిపేట దాటకముందే రెండుసార్లు కక్కుకున్నాను. ఆమె నా వీపు రాస్తూ ఒక్క మాటా అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

తొమ్మిది రోజుల తర్వాత నల్లబడి, పెదవులు పగిలి, నేను అంతకుముందు చూడని నడకతో తిరిగొచ్చింది. మర్నాడే ముగ్గురం సిరిసిల్ల వెళ్లాం. మామ మంచం మీద కూర్చుని ఉంటే ఆయన ఒళ్లో ఆ గుడ్డ పరిచింది. గులాబీ, నారింజ, ఊదా, ఆకుపచ్చ, ఇల్లంతా వెలుగొచ్చింది. ఆయన ఏడుస్తాడేమోనని నేను అటు తిరిగాను. ఆయన గుడ్డను తిరగేశాడు. వెనక వైపు కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అంచు లాగి చూశాడు. దారం వేలితో గోకాడు.

"చేతితోని నేసిందన్నరా బిడ్డా?"

"అవును బాపూ. గా అమ్మినామె ఒట్టు పెట్టుకున్నది."

"కాదు. ఇది సాంచా మీద నేసిందే. సూడు, అంచు ఎంత సమంగున్నదో. చెయ్యి గింత సమంగ పోదు."

ఆమె మొహం చూడలేకపోయాను. పదిహేనేళ్ల ఆశ, ప్రపంచం అవతలి కొస దాకా ప్రయాణం, తెచ్చింది మరమగ్గం గుడ్డ. కానీ మామ దాన్ని వదల్లేదు. మళ్లీ మళ్లీ తడిమాడు. ఆయన మొహంలోకి మెల్లగా ఒక నవ్వు వచ్చింది, ముప్పై ఏళ్ల మోతకు అలవాటై అందరితో గట్టిగా మాట్లాడే మనిషి చాలా చిన్నగా అన్నాడు. "అంటె గాడ గూడ మనోళ్లు ఉన్నరన్నట్టు. ఇది నేసినోనికి మంచి రంగులిచ్చిండ్రు, అదృష్టవంతుడు." నా భార్య అప్పుడు ఏడ్చింది, నవ్వుతూనే. అవ్వ మాత్రం, టోపీ ఆడమనిషి ఒట్టు పెట్టి మోసం చేసిందని, తాను ముందే అనుకున్నానని వారం రోజులు అందరికీ చెప్పింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఆ ప్రయాణం గురించి ఆమె మాకు ఎన్నోసార్లు చెప్పింది. అక్కడ దిగిన రోజు ఊపిరాడక హోటల్ మెట్ల మీద కూర్చున్నది, తీగ బండిలో కళ్లు మూసుకున్నది, ఉప్పు ఎడారిలో తన నీడను తనే ఫొటో తీసుకున్నది, అన్నీ. ఆరో రోజు సంగతి మాత్రం చెప్పదు. "ఆ రోజా? ఊకెనే తిరిగిన" అంటుంది, కిటికీలోంచి బయటికి చూస్తూ, చెవులు కొంచెం ఎర్రబడి. ఇరవై ఏడేళ్ల ఆ విత్తనాల పరీక్షకుడైతే ఆ ఒక్క రోజు కోసం ఇల్లంతా గాలించేవాడు, సీఐడీ అన్నను అడిగేవాడు, తిండి మానేసేవాడు. పాపం వాడు, భార్య మనసులో తాను లేని గది ఒక్కటి కూడా ఉండకూడదనుకునేవాడు. నేను లేచి ఆమెకు ఇంకో కప్పు చాయ్ పోస్తాను. తాగుతూ తనలో తాను నవ్వుకుంటుంది. ఎందుకు నవ్వుతున్నావని అడగను. ఆ నవ్వు బాగుంటుంది, కూర్చుని చూస్తాను.